చిన్నారు దిగువన చక్కెర మురుగు

తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే సంతలో వినవచ్చు తళి సీమను, అచటి చల్లదనమునకు మురిసిన ఆంగ్లేయులు ‘లిటిల్ ఇంగ్లండ్’ అని పిలిచిరి. తళి, దెంకణికోట కొండలలో కురిసిన వాన చిన్నారు నదియై పంచపల్లి జలాశయమున నిలిచి, పాలకోడు పొలములకు దిగును. ఆ పాలకోడునందే ధర్మపురి జిల్లా సహకార చక్కెర కర్మాగారము వెలసినది.

బెల్లము వండిన కాలమున మురుగు అనదగినది దాదాపు లేకుండెను. చెరకులో నూటికి డెబ్బది పాళ్లు నీరే యైనను, అది పెనము మీద ఆవిరియై పోవుచుండెను. పిప్పి పొయ్యికిని, తెట్టు పశువులకును చెల్లుచుండెను. 1933లో ఏటికొప్పాక రైతులు సహకార చక్కెర కర్మాగారము నెలకొల్పుకొనిన మరల యుగమున మాత్రము, చిందిన రసము, గచ్చు కడిగిన నీరు, యంత్రముల నూనె, గొట్టములు తోమిన క్షారము ఏకమై కాలువ పట్టెను. చక్కెర విషము కాదు. అయినను ఏటిలో కలసినప్పుడు దానిని ఆరగించు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరింపగా చేపలు చచ్చును, నీరు నల్లబడి కుళ్లుకంపు కొట్టును.

నదిని చంపు ఆ ఆకలినే తొట్టిలో బంధించి పని చేయించుకొనవచ్చునను తలంపు తొలుత మొలకెత్తిన తావులలో చక్కెర మురుగు చెంత యొకటి యగుట నాకెంతయు ఆశ్చర్యకరము. మురుగు శుద్ధి కేవలము రసాయన కార్యమని పలువురు తలచుచుండిన దినములలో, జర్మను రసాయనవేత్త అలెగ్జాండర్ మ్యూలర్ అది జీవుల పనియని ప్రయోగములతో చూపి, 1878లో బీటుదుంప చక్కెర కర్మాగారముల మురుగును సూక్ష్మజీవులచే శుద్ధి చేయు పద్ధతికి పేటెంటు పొందెను. 1914లో మాంచెస్టరున ఆర్డర్న్, లాకెట్ అనువారు గాలి యూదిన మురుగులోని జీవభరితమైన మడ్డిని పారవేయక మరల మరల వాడు విధమును ప్రకటించిరి. 1970వ దశకమున నెదర్లాండ్సులో గాట్జె లెట్టింగా, గాలి సోకని తొట్టిలో మురుగును క్రిందినుండి పైకి పంపి వాయువును రాబట్టు తన పద్ధతిని బీటు చక్కెర మురుగు మీదనే పరీక్షించెను.

మన దేశమున 1974లో జలకాలుష్య నివారణ చట్టము వచ్చెను. 2016 నాటి నియమము టన్ను చెరకునకు 200 లీటర్లకు మించి మురుగు విడువరాదనియు, నదిలో విడుచు లీటరు నీటికి బీఓడీ (అందలి మలినమును ఆరగించుటకు సూక్ష్మజీవులు కోరు ప్రాణవాయువు) 30 మిల్లీగ్రాములు, నేలకు పారించు నీటికి 100 దాటరాదనియు శాసించినది. శుద్ధికి ముందు అది వేయి దాటుట సామాన్యము. ఈ దూరమును దాటించువి జీవులే కనుక, వాటి యోగక్షేమములే అసలు సమస్య. చక్కెర నీటిలో నత్రజని, భాస్వరములు చాలవు గావున యూరియా, డీఏపీ కలుపుదురు. పేడనీటితో తొట్టికి బీజము వేయుదురు. క్రషింగు ఆగిన నెలలలో మేత లేక ఆ జీవసమూహము క్షీణించును. అందుచే గానుగ కాలమునకు కొన్ని వారముల ముందే బెల్లపు నీరో మొలాసిసో పోసి, గాలి యాడించి దానిని పెంచవలయును. చెరకు బండ్లు వచ్చిన పిదప మొదలిడిన తొట్టి తొలి మురుగును శుద్ధి చేయజాలదు.