చింతపండూ, ఇద్దరి వంటా

హైదరాబాదు పేరెత్తితే చాలు, ప్రతివాళ్ళకీ బిర్యానీయే గుర్తుకొస్తుంది. ఊరినుంచి చుట్టాలొస్తే చార్మినార్ చూపించమంటారు, ఆ చేత్తోనే బిర్యానీ తినిపించమంటారు. పాతబస్తీలో కాపురం పెట్టిన కొత్తల్లో రెండేళ్ళపాటు నేను బిర్యానీ మొహం చూసిన పాపాన పోలేదు సుమండీ! ఆ రెండేళ్ళూ మమ్మల్ని నిలబెట్టింది పులుపు. అక్షరాలా చింతపండు పులుపే.

2004లో మా పెళ్ళయింది. మావారిది చిన్న ఉద్యోగం. శాలిబండలో ఓ పాత మేడలో కింది వాటా దొరికింది. ఒక గది, వంటకి ఓ సందు, అంతే. ఇరవయ్యో తారీఖు దాటితే డబ్బాల అడుగులు తళతళా మెరిసేవి. ఇద్దరికి వంటంటే ఏమంత గొప్ప అనుకుంటారుగానీ, పదిమందికి వండటం కన్నా అదే కష్టం. అరపావు వంకాయలు అడిగితే కూరగాయలవాడు నా మొహంకేసి అదోలా చూసేవాడు. పోనీ అరకిలో కొందామా అంటే మిగిలింది పారెయ్యడానికి మనసొప్పదు, దాచడానికి ఫ్రిజ్జు లేదు. పొద్దుటి కూరే రాత్రికీ వడ్డిస్తే మావారు ఏమీ అనేవారు కాదు. ఆ అనకపోవడమే నాకు ఏడుపు తెప్పించేది.

పైవాటాలో ఓ పెద్దాయనా, ఆయన భార్యా ఉండేవారు. వాడకట్టంతా ఆవిణ్ణి ఖాలా అని పిలిచేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. కొడుకులిద్దరూ జెద్దాలో. అంచేత వాళ్ళదీ ఇద్దరి వంటే. ఓ సాయంత్రం నేను కూర మాడ్చుకుని ముక్కు చీదుకుంటూ కూర్చుంటే ఖాలా మెట్లు దిగొచ్చి ఓ గిన్నె నా చేతిలో పెట్టింది. మూత తీశాను కదా, పల్చటి పప్పు, పైన వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు తేలుతున్నాయి. ఖట్టీదాల్.

"ఇందులో ఏముంది బేటీ! గుప్పెడు కందిపప్పు, ఉసిరికాయంత చింతపండు. మిగతాదంతా బగారే" అంది.

బగార్ అంటే మరేమీ కాదు, మన తిరగమోతే. బగారా బైంగన్, బగారా ఖానా అంటూ పెళ్ళిళ్ళలో గొప్పగా చెప్పుకునే పేర్లన్నీ ఆ తిరగమోత గరిటెలోంచి పుట్టినవే.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఖాలా దగ్గర చేరేదాన్ని. వంట నేర్చుకుందామని వెళ్ళి చరిత్ర వినేదాన్ని. ఆవిడ పుట్టింది ఓ చిన్న జాగీర్దారు దేవిడీలో. రోజూ వందమందికి తక్కువకాకుండా అక్కడ వంట. బంధువులూ, దాసీలూ, గుర్రాలవాళ్ళూ, ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళూ అందరూ అక్కడే భోంచేసేవారట. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, నిజాం రాజ్యం ముగిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. అప్పటికి ఖాలాకి పదేళ్ళు.

నిజం చెప్పొద్దూ, జాగీర్లు పోవడం మంచిదేనంటాను నేను. మాది తెలంగాణ పల్లె. వెట్టి చాకిరీ ఎలా ఉండేదో మా అమ్మమ్మ నోట విన్నదాన్ని. దేవిడీల్లో ఉడికిన ఆ వందమంది అన్నం ఎవరి చెమటో నాకు తెలుసు. ఆ మాట ఖాలాతోనూ అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "నిజమే బేటీ, కానీ పొయ్యి దగ్గరికి వచ్చి పడింది మా అమ్మ" అంది.

వంటవాళ్ళు వెళ్ళిపోయారు. నగలు ఒక్కొక్కటే చౌక్ వైపు నడిచాయి. అంతవరకూ వంటింటి గడప తొక్కని ఆ తల్లి, పరదా దాటి బజారుకి వెళ్ళలేదు, ఇంట్లో ఏముంటే దానితోనే గిన్నె నింపాలి. పైగా రెండురకాల డబ్బు! ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చే రోజులు. హాలీ సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. అందాకా ఆ లెక్కలన్నీ వేళ్ళమీదే. నవాబుల విందుల్లో ఎన్ని రకాల పులావులు వడ్డించారో రాసిపెట్టుకున్నవాళ్ళున్నారు. ఈ ఆడవాళ్ళు గుప్పెడు పప్పుతో పరువు ఎలా కాపాడారో ఎవరు రాశారు చెప్పండి?

దాల్చా చూడండి. శనగపప్పు, సొరకాయ, చింతపులుసు, వాటిలో కాసిని ఎముకలతో ఉన్న మాంసం. అసలు రుచంతా ఆ ఎముకలదే, పొట్ట నింపేది పప్పూ సొరకాయా. పావుకిలో మాంసాన్ని రెండు పూటలకి సాగదీసే ఉపాయం ఇంతకన్నా ఏముంది? శాకాహారులు ఎముకలు మానేసి ఇంకో గరిటె తిరగమోత వేసుకోవచ్చు. మావారికి అదే ఇష్టం.

ఇక కిచిడీ. అక్బరు వంటశాలలో కిచిడీకి బియ్యం, పప్పు, నెయ్యి ఒక్కోటీ ఐదేసి శేర్లని ఐన్-ఎ-అక్బరీలో అబుల్ ఫజల్ రాశాడు. బియ్యం ఎంతో నెయ్యీ అంతేనట! ఆ పుస్తకం తయారవుతున్న రోజుల్లోనే, 1591లో, ఇక్కడ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరం కట్టాడు. ఖాలా కిచిడీలో నెయ్యి చెంచాడు. ఎర్రపప్పు, షాజీర, ఎర్రగా వేగిన ఉల్లిపాయ, కాస్త పసుపు. పక్కన ఓ అప్పడం, ఖట్టా. పాతబస్తీలో కిచిడీ పొద్దుటి ఫలహారం. మాకది రాత్రి భోజనం.

ఖట్టా మొదటిసారి నోట్లో పెట్టుకున్నప్పుడు ఉలిక్కిపడ్డాను. వేయించిన నువ్వులపొడి, చింతపండు రసం, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర. ఇది మా అమ్మమ్మ పచ్చిపులుసు కాదూ! ఆవిడ మిరపకాయ నిప్పులమీద కాల్చి పిసికేది, అంతే తేడా. దేవిడీలో వంటచేసిన తెలుగు ఆడవాళ్ళెవరో దీన్ని తెచ్చి ఉంటారని నేను, లేదు మా దగ్గర్నుంచే మీ ఊళ్ళకి వెళ్ళిందని ఖాలా. ఆ వాదన ఎప్పటికీ తెగలేదు. మిరపకాయ మాత్రం ఇద్దరిదీ కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు అమెరికా ఖండం నుంచి ఓడల్లో తెచ్చింది. చింతపండుని అరబ్బులు హిందూదేశపు ఖర్జూరం అన్నారు, ఆ మాటే తిరిగి తిరిగి ఇంగ్లీషులో టామరిండ్ అయింది.

చింత అంటే ఈ ఊరికి ఇంకో రుణం కూడా ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగేసింది. నదికి అవతలి ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఓ చింతచెట్టు కొమ్మలు పట్టుకుని నూట యాభై మందికి పైగా బతికి బయటపడ్డారు. ఆ చెట్టు చూసొచ్చిన రోజు రాత్రి ఖట్టీదాల్ వండుతూ, పులుపు పిండిన పిప్పి పారెయ్యబుద్ధి కాలేదు. దానితో ఇత్తడి గిన్నెలన్నీ తోమేశాను. ఖాలా చూసి, "ఇప్పుడు నేర్చుకున్నావు" అని నవ్వింది.

2006లో మావారికి బదిలీ అయింది. సామాను ఎక్కిస్తుంటే ఖాలా తను రోజూ పప్పు వండే చిన్న దేగ్చీ తెచ్చి నా సంచిలో పెట్టింది. వద్దంటే వినలేదు. తనకి ఇంకోటుందంది.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురం. పెద్ద గిన్నెలో ఖట్టీదాల్ చేస్తే ఎందుకో నాకు పులుపు కుదరదు. అంచేత ఆ దేగ్చీలోనే ముందు పిల్లలిద్దరికీ వండి, మళ్ళీ మా ఇద్దరికీ వండుతాను. గ్యాసు దండగని మావారు గొణుగుతూనే రెండోసారి వడ్డించుకుంటారు.