న్యాయ పత్రాల అన్వేషణ: లా రిపోర్టుల నుంచి ఏఐ ఏజెంట్ల దాకా

పరిచయం

న్యాయ చరిత్ర అనగానే మీకు చట్టాలు, తీర్పులు, న్యాయమూర్తులు గుర్తుకు వస్తారు. ఇచ్చిన తీర్పు అవసరమైనవారి చేతికి ఎలా చేరిందన్నది కూడా చరిత్రలో భాగమే. భూమి తగాదాలో ఉన్న ఒక రైతుకు అనుకూలమైన తీర్పు పదేళ్ల కిందటే వెలువడి ఉండవచ్చు. అది అతని వకీలుకు దొరకకపోతే, ఆ రైతు వరకు ఆ తీర్పు లేనట్టే. తీర్పులను వెతికే పద్ధతులు ఎలా మారాయో, ఆ మార్పుల్లోనూ నిలిచి ఉన్న అవసరం ఏమిటో ఈ పాఠ్యాంశంలో తెలుసుకుంటారు.

అచ్చు పుస్తకాల దశ

బ్రిటిష్ పాలనలో కోర్టు తీర్పులను ప్రైవేటు ప్రచురణకర్తలు కూడా అచ్చువేసేవారు. మరి ఏ ప్రతిని నమ్మాలి? 1875 నాటి ఇండియన్ లా రిపోర్ట్స్ చట్టం దీనికి ఒక సమాధానం చెప్పింది. ప్రభుత్వ అధికారంతో వెలువడిన రిపోర్టులో లేని హైకోర్టు తీర్పును ఎవరైనా ఉదహరిస్తే, దాన్ని వినవలసిన బాధ్యత కోర్టుకు ఉండదని ఆ చట్టం పేర్కొంది. ఆ తరువాత మద్రాసు హైకోర్టు తీర్పులు ప్రత్యేక సంపుటాలుగా వెలువడ్డాయి. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాల కోర్టులు ఆ హైకోర్టు పరిధిలోనివే.

సంపుటం సంఖ్య, పుట సంఖ్య చెబితే చాలు, ఎదుటి పక్షం వకీలు, న్యాయమూర్తి అదే పుట తెరిచి సరిచూసుకోగలిగేవారు. అంటే ప్రతి తీర్పుకూ ఒక చిరునామా ఏర్పడింది. అయితే పాత తీర్పు ఇంకా చెల్లుతుందో లేదో తెలిసేదెలా? అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడ ప్రస్తావించాయో చిన్న జిగురు చీటీలపై అచ్చువేయించాడు. న్యాయవాదులు వాటిని తమ పుస్తకాల అంచుల్లో అంటించుకునేవారు.

కంప్యూటర్ దశ

1960 ప్రాంతంలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జాన్ హార్టీ చట్టాల పూర్తి పాఠాన్ని కంప్యూటర్‌కు ఎక్కించి, పదాల ఆధారంగా వెతికించాడు. 1973లో లెక్సిస్ అనే వాణిజ్య సేవ మొదలైంది. వేలాది పుటలను క్షణాల్లో వెతకడం సాధ్యమయింది.

ఈ వేగం వెనుక ఉన్న ఒక లోపాన్ని బ్లెయిర్, మారన్ అనే పరిశోధకులు 1985లో చూపారు. ఒక పెద్ద వ్యాజ్యానికి చెందిన దాదాపు 40,000 పత్రాలలో న్యాయవాదులు వెతికారు. తమకు కావలసిన వాటిలో కనీసం 75 శాతం దొరకాలన్నది వారి షరతు. అంతమేరకు దొరికాయనే వారు నమ్మారు. నిజానికి దొరికినవి సుమారు 20 శాతమే. కారణాన్ని మన వాడుకలోనే గమనించండి. ఒకరు ‘ఆక్రమణ’ అని రాసినదాన్ని మరొకరు ‘కబ్జా’ అని రాస్తారు. ఒక మాటతో వెతికితే రెండోది దొరకదు. దొరకనిది కంటికి కనిపించదు కనుక, లోటు ఉన్నట్టే తెలియదు.

భారతదేశంలో 2008లో మొదలైన ఇండియన్ కానూన్ ఈ అన్వేషణను సామాన్యులకు ఉచితంగా అందించింది. 2023లో సుప్రీంకోర్టు తన అధికారిక రిపోర్టులను ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా అందుబాటులో ఉంచింది. అదే ఏడాది తన తీర్పులకు ప్రచురణకర్తలతో నిమిత్తం లేని గుర్తింపు సంఖ్యలు కేటాయించే పద్ధతిని ప్రవేశపెట్టింది.

ఏఐ ఏజెంట్ల దశ

2023లోనే న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ‘మాటా వర్సెస్ అవియాంకా’ వ్యాజ్యం సంచలనమైంది. ఒక పక్షం న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను ఉదహరించారు. వాటిలో ఆరు అసలు లేనే లేవు. కోర్టు వారికి 5,000 డాలర్ల జరిమానా విధించింది. ఆ తీర్పులకు చిరునామాలు ఉన్నాయి, కానీ ఆ చిరునామాల్లో ఆ తీర్పులు లేవు.

అందుకే ఇప్పుడు ఏఐ ఏజెంటు తన జ్ఞాపకంపై ఆధారపడకుండా, నిజమైన పత్రాల భండారం నుంచి తీర్పును తెచ్చుకునేలా ప్రత్యేక సాధనాలను తయారుచేస్తున్నారు. అలాంటి సాధనానికి ఒక వివరణ పత్రం ఉంటుంది. దాన్ని మనుషులతోపాటు ఏజెంటు కూడా చదువుతుంది. సాధనాన్ని ఎప్పుడు పిలవాలో, ఏం అడగాలో ఆ వివరణను బట్టే నిర్ణయించుకుంటుంది. “ఆ సంపుటం మా దగ్గర లేదు, హైకోర్టు గ్రంథాలయంలో చూడండి” అని లైబ్రేరియన్ చెప్పగలడు. సాధనం విషయంలో ఆ మాట ముందే రాసి ఉండాలి.

కాబట్టి మంచి వివరణ పత్రంలో కనీసం నాలుగు అంశాలు ఉండాలి:

1. భండారంలో ఏ కోర్టుల తీర్పులు, ఏ తేదీ వరకు ఉన్నాయి.
2. దొరికిన ప్రతి పత్రంతోపాటు దాని గుర్తింపు సంఖ్య, మూలప్రతి ఉన్న చోటు వస్తాయా.
3. ఆ తీర్పును తరువాత కొట్టివేశారో లేదో సాధనం చెప్పగలదా.
4. ఏమీ దొరకనప్పుడు ‘దొరకలేదు’ అని స్పష్టంగా చెబుతుందా.

మొదటిది బ్లెయిర్, మారన్ చూపిన లోటును పూర్తిగా తీర్చదు. కానీ ఎక్కడ వెతికామో, ఎక్కడ వెతకలేదో తెలియజేస్తుంది. రెండోది 1875 చట్టం అడిగిన ప్రశ్న. మూడోది షెపర్డ్ చీటీల పని. నాలుగోది న్యూయార్క్ వ్యాజ్యం నేర్పిన పాఠం.

ముగింపు

పుస్తకం, కంప్యూటర్, ఏజెంటు అంటూ వెతికే చేతులు మారాయి. వెతికి తెచ్చినదాన్ని మరొకరు స్వయంగా తెరిచి సరిచూసుకోగలగాలన్న నియమం మాత్రం మారలేదు. ఆ వీలు లేనిచోట నష్టపోయేది సాధనం కాదు, దాన్ని నమ్మి కోర్టు మెట్లెక్కిన మనిషి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1875 చట్టం ఏ సమస్యను పరిష్కరించడానికి ప్రయత్నించింది?
2. ‘దొరకలేదు’ అన్న సమాధానం ఎందుకు విలువైనది? మీ సొంత మాటల్లో రాయండి.