అడవిపొద పెరటికి వచ్చిన కథ



పెరటిలో మొక్క నాటవలెనన్న మన పెద్దలు ముందుగా గోయి త్రవ్వి, చివికిన పెంట వేసి, పాదు కట్టి నీరు పోయుదురు. మన్ను బలిసిన మొక్క బలియునని మన నమ్మకము. ఈ నమ్మకమునకు లొంగని పొద యొకటి కలదు. ఉత్తర అమెరికా తూర్పు భాగమున నడవులలో పుట్టిన యా పొదను బ్లూబెర్రీ యందురు. దాని పండు చిన్నది, గుండ్రనిది. నీలివన్నె మీద బూడిద చల్లినట్లుండును. మన కలేపండ్లవలె నది చిరకాలము అడవిపంటయే. తోటపంటయై నూఱేండ్లకు కొంచె మధికము మాత్రమే యైనది.

ఆ దేశపు మూలవాసు లీ పండ్లను బహుకాలముగా నెఱుగుదురు. 1615లో హ్యూరను సరస్సు ప్రాంతమున సంచరించిన ఫ్రెంచి యాత్రికుడు షాంప్లేను, వారీ పండ్ల నెండబెట్టి చలికాలమునకు దాచుకొనుట చూచి వ్రాసియుంచెను. నేలబారు పొదలు గల మైదానములకు నిప్పు పెట్టుటయు వారి యాచారము. చూచువారికి అది వినాశముగా దోచును. కాని వేరు నేలలో భద్రముగ నుండును. కాలిన ముదురుకొమ్మల చోట లేతచిగుళ్లు లేచును. మరుసటి యేడు వానిపై పండ్లు విరివిగా కాయును. ఆ నిప్పే వారి కత్తెర.

తరువాత వచ్చి స్థిరపడిన తెల్లవా రీ పొదలను పెకలించి పెరళ్లలో నాటగా, సారవంతమైన మంటిలోనే యవి క్షీణించెను. ఇందలి మర్మమును ఛేదించినవాడు ఫ్రెడరిక్ కోవిల్. ఆయన అమెరికా వ్యవసాయశాఖలో వృక్షశాస్త్రవేత్త. 1906లో ప్రయోగములు మొదలిడి, 1910లో వాని ఫలితములను ప్రకటించెను. ఈ పొదకు పుల్లని మన్ను కావలెననియు, సున్నము కలిసిన నేల దానికి గిట్టదనియు నాయన తేల్చెను. చలికాలపు నిద్ర లేనిదే వసంతమున నది సరిగా చిగుర్పదని పిమ్మట చూపెను. మన సముద్రతీరమున నట్టి చలి లేదు గనుక, అచటి జాతి యిచట నిలువదు.

ఆ గ్రంథము 1911లో న్యూజెర్సీ రాష్ట్రమందలి వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్ అను నామె కంటబడెను. ఆమె తండ్రికి క్రాన్‌బెర్రీ తోటలు కలవు. ప్రయోగములకు తమ భూమి నొసగుదుమని వారు కోవిలునకు వర్తమాన మంపిరి. ఆమె చుట్టుపట్ల దేవదారు వనములలో తిరుగు జనులకు రంధ్రము గల కొలపలక లిచ్చి, అంగుళములో ఎనిమిదింట ఐదు వంతుల యా రంధ్రమున దూరని పండ్లు గాచు పొదను చూపినవారికి సొమ్మిచ్చెను. పొదకు దానిని కనిపెట్టినవాని పేరు పెట్టెను. రూబ్ లీక్ అను నాతడు చూపిన పొద రూబెల్ అయ్యెను. ఇట్టి పొదల నేర్చి, కొమ్మలు నాటియు, సంకరము చేసియు వారు తోట పెంచిరి. 1916లో తొలిపంట యంగడి కెక్కెను. రూబెల్ నేటికిని సాగులో నున్నది.

ఇక పెరటివారి పని. వేళ్లు పైపైననే పాకును గనుక మొదట లోతుగా త్రవ్వరాదు. రంపపుపొట్టునో దేవదారు ఆకులనో కప్పి తేమ నిలుపవలెను. మొదటి రెండేండ్లు పూత త్రుంచివేయుదురు. పండు నాశించి వేరును బలహీనపఱచరాదు గదా! పిమ్మట ఏటేట చలికాలపు చివర, మొగ్గ లుబ్బకమునుపే, ఆఱేండ్లు దాటిన కాండములను నేలమట్టమునకు కోయుదురు. గతసంవత్సరము పెరిగిన కొమ్మమీదనే యీ పొద కాయును. ముదురుకొమ్మ చోటు విడువనిదే క్రొత్తకొమ్మకు వెలుగు దక్కదు. మల్లెపొదను కత్తిరించు మన యింటి స్త్రీల కీ న్యాయము క్రొత్తది కాదు.

చిరకాలము బాలురకు రాజుల వరుసలు వల్లెవేయించిన నాకు ఈ చరిత్ర మిక్కిలి ప్రియమైనది. ఇందు శాస్త్రజ్ఞుని పేరున్నది, తోటయజమానురాలి పేరున్నది, అడవిలో తిరిగిన పేదవాని పేరు సైత మొక పొదపై నిలిచినది. నిప్పుతో పొదను పడుచుజేయుట నెఱిగిన తొలివారి పేళ్లు మాత్ర మిందు లేవు. పండు తినువారు వారిని తలచుకొనుట న్యాయము.