పాసవుట్ పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లీషు నేర్చుకునే పరాయివాడిని ఏడిపించేవి పెద్ద మాటలు కావు. పెద్ద మాటకి నిఘంటువు ఉంది, తీసి చూసుకోవచ్చు. ఏడిపించేవన్నీ చిన్న మాటలే. గివ్, టేక్, పుట్, పాస్ లాంటి పొట్టి క్రియ ఒకటి, దాని తోకకి అప్, అవుట్, ఆఫ్, ఆన్ లాంటి పొట్టి మాట మరొకటి. విడివిడిగా రెండూ మనకి ఒకటో ఫారం నుంచీ తెలిసినవే. కలిసి కాపరం పెడితే మాత్రం ఇద్దరి పోలికలూ లేని మూడో అర్థం పుట్టుకొస్తుంది. ఈ బాధ మన ఒక్కరిదే కాదు. 1755లో తన నిఘంటువు వెలువరించినప్పుడు శామ్యూల్ జాన్సన్ మహాశయుడు ముందుమాటలోనే చెప్పాడు, విదేశీయులకి అన్నిటికంటె కష్టం కలిగించేవి ఈ తోక తగిలించిన క్రియలేనని. వీటికి ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరుని 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన పుస్తకంలో వాడాడు. ఆ పేరు తనకి సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని కూడా రాశాడు. మనం వీటిని జంటక్రియలు అందాం.

ఈ పండుగ సంచికలో ఒకే ఒక్క జంటక్రియ కథ చెప్పదలుచుకున్నాను. అది పాస్ అవుట్. మన నోట్లో పడి "పాసవుట్" అయింది. "మావాడు ఎనభై అయిదులో పాసవుటయ్యాడు" అని మనలో అనని తల్లిదండ్రులు ఉండరు. ఆ మాట విని మొహం చిట్లించని అమెరికనూ ఉండడు.

దీన్ని పట్టుకుని వెతకడానికి కారణం మా మామగారు. ఆయన జిల్లాపరిషత్ హైస్కూలులో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మా ఇంటికి వచ్చిన మొదటి వేసవిలో పక్కింటాయన కంచె దగ్గర కనబడి పిల్లల గురించి కుశలం అడిగితే, మా బావమరిది గురించి చెబుతూ, వాడు 1978లో మెడికల్ కాలేజీలో పాసవుటయ్యాడని ఇంగ్లీషులో అన్నారు. ఆ పెద్దమనిషి పాపం కంగారు పడి, "అయ్యయ్యో, ఇప్పుడు ఎలా ఉన్నాడు?" అన్నాడు. "బాగా ఉన్నాడు, ఒంగోలులో ప్రాక్టీసు" అని ఈయన జవాబు. పక్కనే ఉన్న మా పిల్లలు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన నన్ను అడిగారు: "అల్లుడుగారూ, నేనన్నదాంట్లో తప్పేముందండీ?" ఉన్న నాలుగు నెలల్లో ఆయన మళ్ళీ ఆ కంచె దగ్గరికి వెళ్ళలేదు. సాయంత్రం షికారుకి కూడా వెనక వీధినుంచి వెళ్ళేవారు. ముప్ఫై ఏళ్ళు బ్రతుకు తెరువైన భాషని, ఆ భాష మాట్లాడే దేశానికి వచ్చి దాచుకోవలసి రావడం నాకు మనసులో ఉండిపోయింది. మన ఇళ్ళకి వచ్చిపోయే పెద్దవాళ్ళలో ఇలా నోరు కట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంతకీ తప్పుందా, లేదా? మొదటినుంచి చూద్దాం.

లాటిన్‌లో పాసుస్ అంటే అడుగు. నడిచేటప్పుడు వేసే అడుగు. దానిమీదనుంచి ఫ్రెంచి వాళ్ళకి పాసే అనే క్రియ వచ్చింది, అడుగు వేసి దాటిపోవడం అని. 1066లో నార్మన్లు ఇంగ్లండుని జయించాక వాళ్ళతోపాటు దిగిన వందలాది ఫ్రెంచి మాటల్లో ఇదీ ఒకటి. వచ్చాక ఊరికే కూర్చోలేదు. గడిచిపోయిన కాలానికి ఇంగ్లీషులో పాస్ట్ అంటారే, అది పాస్డ్ అన్న మాటకి పాత స్పెల్లింగు మాత్రమే. యూదుల పండుగ పేరు పాసోవర్ కూడా జంటక్రియే. 1530లో విలియం టిండేల్ హీబ్రూ నుంచి బైబిలు అనువదిస్తూ, దాటిపోవడం అన్న అర్థం నిలబెట్టడానికి ఆ పేరు కల్పించాడు.

ఇక అవుట్ తగిలిస్తే మొదట్లో వింత ఏమీ లేదు. గుమ్మం దాటి బయటికి పోవడం, అంతే. నాటకశాలల్లో పాసవుట్ టిక్కెట్టు అని ఉండేది. విరామంలో బయటికి వెళ్ళేవాడికి ఇచ్చేవారు, తిరిగి లోపలికి రావడానికి. మన టూరింగు టాకీసులో సోడా తాగడానికి వెళ్ళేవాడి చేతిమీద ముద్ర వేసేవారు చూడండి, అదే ఏర్పాటు.

గుమ్మం దాటడం కాస్తా చదువు ముగించడంగా మారింది సైనిక విద్యాలయాల వల్ల. ఇంగ్లండులో క్రోయ్‌డన్ ఊరి దగ్గర ఆడిస్కోంబ్ అనే చోట ఈస్టిండియా కంపెనీ 1809లో ఒక సైనిక పాఠశాల పెట్టింది. 1861 దాకా నడిచింది. ఇండియాకి పంపే ఫిరంగి దళం వాళ్ళకీ, ఇంజనీర్లకీ అక్కడ తరిఫీదు. మన గోదావరి జిల్లాల వాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. 1803లో పుట్టిన ఆర్థర్ కాటన్ 15వ ఏట చేరింది ఈ బడిలోనే. 1819లో అక్కడినుంచి బయటపడి మద్రాసు ఇంజనీర్లలో సెకండ్ లెఫ్టినెంటు అయ్యాడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. మన పరిభాషలో చెప్పాలంటే కాటన్ దొర ఆడిస్కోంబ్‌లో 1819లో పాసవుటైన బ్యాచి.

ఆ సైనిక పద్ధతిలో చివరి రోజున జరిగే కవాతు పేరు పాసింగ్ అవుట్ పరేడ్. బ్రిటన్‌లో శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ ముగించిన క్యాడెట్లు కవాతు చివర ఓల్డ్ కాలేజీ మెట్లెక్కి పెద్దగుమ్మం లోపలికి నడిచిపోతారు. డెహ్రాడూన్‌లో 1932లో ఇండియన్ మిలిటరీ అకాడమీ మొదలైనప్పుడు ఈ ఆచారమూ, దాని పేరూ మనకి వచ్చాయి. మొదటి బ్యాచిలో చేరినవాళ్ళు నలభైమంది. వాళ్ళలో శామ్ మానెక్‌షా, మహమ్మద్ మూసా, స్మిత్ డన్ ఉన్నారు. తరవాత రోజుల్లో ఒకరు భారత సైన్యానికి, ఒకరు పాకిస్తాన్ సైన్యానికి, ఒకరు బర్మా సైన్యానికి అధిపతులయ్యారు. ముగ్గురూ కలిసే పాసవుటయ్యారు!

డెహ్రాడూన్‌లో పరేడ్ చివర క్యాడెట్లు చెట్‌వుడ్ భవనం మెట్లమీదుగా నెమ్మది అడుగులతో నడుస్తారు. అక్కడ ఒక గీత ఉంది. దానిమీద హిందీలో "అంతిమ్ పగ్" అని రాసి ఉంటుంది. చివరి అడుగు. అది దాటితే ఆఫీసరు. ఆ పేరు పెట్టినవాళ్ళకి లాటిన్ పాసుస్ గురించి ఆలోచన ఉందో లేదో గాని, రెండువేల ఏళ్ళనాటి అర్థాన్ని సరిగ్గా గుమ్మం ముందు నిలబెట్టారు. ఇటువంటి యాదృచ్ఛికాలు నాకు పరమ ఇష్టం.

మన హైదరాబాదు చుట్టుపక్కల కూడా ఈ మాటకి కొదవ లేదు. దుండిగల్‌లో 1971 నుంచి వైమానిక దళం అకాడమీ ఉంది. మౌంట్ ఆబూలో ఉండే జాతీయ పోలీసు అకాడమీ 1975లో శివరాంపల్లికి తరలివచ్చింది. ఏటా పాసింగ్ అవుట్ పరేడ్ ఫోటోలు పత్రికల్లో చూస్తూ పెరిగిన తరం మనది. ఆ కవాతు మైదానంలోంచి మాట ఇంజనీరింగు కాలేజీలోకీ, అక్కడినుంచి ఇంటర్మీడియెట్‌లోకీ నడిచి వచ్చిందని నా ఊహ. ఆ మాటకొస్తే ఇది ఇండియావాళ్ళ సొంత పైత్యమూ కాదు. బ్రిటన్‌లో ఇప్పటికీ సైన్యంలోనూ, పోలీసుల్లోనూ ఆ మాటే. నైజీరియాలో 1973లో పెట్టిన జాతీయ యువజన సేవ ముగిసే రోజున జరిగేదీ పాసింగ్ అవుట్ పరేడే. మీ ఆఫీసులో నైజీరియా వాళ్ళుంటే అడిగి చూడండి, కంగారు పడకుండా చెబుతారు. సైనిక విద్య ముగించడం అన్న అర్థాన్ని ఆక్స్‌ఫర్డ్ వారి విద్యార్థి నిఘంటువు బ్రిటిష్ వాడుక అని ముద్ర వేసి మరీ ఇస్తుంది.

మరి అమెరికా వాడు ఎందుకు కంగారు పడ్డాడు?

ఇక్కడ మాట వేరే కొమ్మ వేసింది. గుమ్మం దాటడం అనే భావాన్ని వీళ్ళు బ్రతుకు గుమ్మానికి పెట్టారు. పాసవుట్ అంటే చనిపోవడం అని వాడుక వచ్చింది. కాలక్రమాన తీవ్రత తగ్గి, ప్రాణం కాదు, తెలివి మాత్రమే పోవడానికి దిగింది. స్పృహ తప్పడం అనే అర్థం 1915 నాటికి అచ్చులో కనిపిస్తుంది. తాగి పడిపోవడానికి ఆ మాట మరీ అనువుగా అమరింది. అంటే మనవాళ్ళు చదువు గుమ్మం దాటితే, వీళ్ళు తెలివి గుమ్మం దాటారు. అడుగు ఒకటే, గుమ్మాలు వేరు. కవాతు మైదానంలో మాట అమెరికా వాడుకలోకి రాలేదు గనక ఇక్కడ రెండో అర్థమే ఏకైక వారసుడై కూర్చుంది. పూర్తిగా ఏకైకం అనడానికీ లేదు, ఎందుకంటే పంచిపెట్టడం అనే అర్థం కూడా ఉంది. బడిలో టీచరు పరీక్ష కాగితాలు పాసవుట్ చేస్తుంది. కాగితం చూసి కుర్రాడు పాసవుటవుతాడు. మన దేశంలో అయితే అదే కాగితం బాగా రాసి పాసవుటవుతాడు.

మా పిల్లలకి ఇదంతా చెప్పి ఊరుకోలేదు, తెలుగులో ఏమంటామో కూడా చూపించాను. పరీక్షలో నెగ్గినవాడిని ఉత్తీర్ణుడు అంటాం. అది సంస్కృతం మాట. తీర్ణ అంటే దాటిన, ఉత్ అంటే పైకి, బయటికి. నీళ్ళు దాటి ఒడ్డున బయటపడ్డవాడు ఉత్తీర్ణుడు. పాస్ అంటే దాటు, అవుట్ అంటే బయటికి. మా మామగారి ఇంగ్లీషుకి ఇంతకంటె అచ్చమైన సంస్కృతం దొరకదు. పండితుల దాకా ఎందుకు, మన అమ్మమ్మలు "వాడు ఈసారికి గట్టెక్కాడమ్మా" అనేవారు. అదీ నీళ్ళలోంచి బయటపడడమే.

తప్పినవాళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. మన భాషలో పరీక్ష పోయినవాడు పరీక్ష తప్పాడు. స్పృహ పోయినవాడు స్పృహ తప్పాడు. ఇంగ్లీషులో నెగ్గడానికీ మూర్ఛకీ ఒకే క్రియ దొరికితే, తెలుగులో ఓడడానికీ మూర్ఛకీ ఒకే క్రియ దొరికింది. నా మటుకు మనదే న్యాయంగా ఉంది. ఫలితాలు వచ్చిన రోజున మన ఇళ్ళలో రెండూ ఒకేసారి జరిగేవి. ఈ తప్పు అనే క్రియ మాత్రం తక్కువదా? దారి తప్పడం చెడ్డ, మాట తప్పడం మరీ చెడ్డ, గండం తప్పడం మంచి, నెల తప్పడం శుభవార్త. తెలుగు నేర్చుకోబోయే అమెరికా కోడలికి ఇవి ఎలా చెబుతారో ఆలోచించుకోండి. మన జంటక్రియలూ అంత సులువేం కాదు. పడిపోవు, మూర్ఛపోవు, నిద్రపోవు, చనిపోవు అన్నిటి వెనకా నడిచే "పోవు" ఉంది. వీటిలో ఎవరు ఎక్కడికి పోతున్నారని మా చిన్నమ్మాయి అడిగితే నేను కాఫీ పెట్టుకోవడానికి లేచిపోయాను.

అసలు పాస్ అనే మొదటి ముక్క మనింట్లో ఎప్పుడో స్థిరపడింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టిన తరవాత మెట్రిక్యులేషను, ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలు తెలుగువాడి తలరాతలయ్యాయి. పాసు, ఫేలు అన్నవి తెలుగు మాటలైపోయాయి. 1892లో మొదట ఆడిన కన్యాశుల్కంలో వెంకటేశం కష్టాలన్నీ పరీక్ష ఫేలవడంతోనే మొదలు. అవుట్ అనే రెండో ముక్క తరవాత వచ్చి చేరింది. దానితోపాటు బ్యాచి కూడా. బ్యాచి అనేది రొట్టెల కొట్టు మాట, ఒక వాయి కాల్చిన రొట్టెలు. మన భాషలో ఒక వాయి ఇడ్లీ. అమెరికాలో క్లాస్ అంటారు గాని బ్యాచి అనరు. మాది రొట్టెల కొట్లో పుట్టి, కవాతు మైదానంలో నడిచిన ఇంగ్లీషు అన్నమాట.

మరి అమెరికా వాళ్ళు వాడే గ్రాడ్యుయేట్ మాటేమిటి? అది లాటిన్ గ్రాదుస్ నుంచి వచ్చింది. గ్రాదుస్ అంటే ఏమిటనుకున్నారు? అడుగు! మెట్టు అని కూడా చెప్పుకోవచ్చు. ఆ మాట వాడుక విషయంలో వీళ్ళకీ తగువులున్నాయి. పూర్వం విద్యార్థి గ్రాడ్యుయేట్ "చేయబడాలి", తనంతట తాను "చేయ"కూడదు అని పట్టుపట్టిన వ్యాకరణవేత్తలుండేవారు. ఆ పట్టు సడలింది. ఇప్పుడు మధ్యలో ఫ్రమ్ వదిలేసేవాళ్ళమీద తగువు నడుస్తోంది.

కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఉద్యోగానికి కాగితం రాసేటప్పుడు ఏం చెయ్యాలని అడిగితే నా సలహా ఒకటే: గ్రాడ్యుయేటెడ్ అని రాయండి. మనది తప్పని కాదు, చదివేవాడు అంబులెన్సు పిలుస్తాడని. ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళని మాత్రం దిద్దకండి. వాళ్ళు అన్నది కాటన్ దొర బడి నుంచి వచ్చిన ఇంగ్లీషు. నవ్వే పిల్లలకి ఉత్తీర్ణుడి సంగతి చెప్పండి. మా పెద్దవాడు ఆ మాట వాళ్ళ తాతయ్యకి ఫోనులో చెప్పాడు. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తరవాత, "తృ ధాతువురా అది" అని మొదలుపెట్టి అరగంట పాఠం చెప్పారు. అప్పట్లో నిమిషానికి ఎంత పడేదో మీకు తెలుసు.

మన సంఘంలో పేకాట మిత్రులు అలుగుతారేమో గనక చివరి అర్థం కూడా చెప్పేస్తాను. బ్రిడ్జిలో నలుగురూ వరసగా పాస్ అంటే ఆ పంపకం పాసవుటయినట్టు. మామూలు ఆటలో ఎవరికీ ఏమీ రాదు. ముక్కలు కలిపి, పక్కవాడు మళ్ళీ పంచాలి.