ఏడుగురు స్త్రీలు, యాభై కిలోమీటర్లు

నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం నాలుగో అధ్యాయంలో ఒక ఫుట్‌నోట్ ఉంది. తెలుగు యాత్రాసాహిత్యం మీద చేసిన పరిశోధన అది. "స్త్రీలు రాసిన యాత్రాకథనాలు సంఖ్యలో తక్కువ కావడం వల్ల వాటికి ప్రత్యేక అధ్యాయం కేటాయించలేదు" అని ఒకే ఒక్క వాక్యం. వైవాలో దాని గురించి ఎవరూ అడగలేదు. నా గైడ్ అడగలేదు. స్త్రీవాద విమర్శ మీద సెమినార్లలో అంత గట్టిగా మాట్లాడే నేనూ నన్ను అడుక్కోలేదు. 2017 వేసవంతా ఆ గ్రంథాన్ని బైండింగు చేయించడానికి, సంతకాలు పెట్టించడానికి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూనే ఉన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆగస్టు 13న, లండన్‌లో బకింగ్‌హాం పాలెస్ ముందున్న ద మాల్ అనే రోడ్డు మీద ఏడుగురు స్త్రీలు యాభై కిలోమీటర్లు నడిచే పోటీకి నిలబడ్డారు. ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో ఈ దూరం స్త్రీలకి అదే మొదటిసారి. రెండు కిలోమీటర్ల చుట్టు, అలాంటివి ఇరవై అయిదు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత, నడక గురించి స్త్రీలు ఏం రాశారో వెతుకుతుంటే, రాతలకన్నా ముందు ఈ నడక ఎదురైంది. అప్పటినుంచీ ఆ ఏడు అంకె నన్ను వదలడం లేదు.

రేస్ వాకింగ్ గురించి మనలో చాలామందికి తెలిసింది తక్కువ కాబట్టి కాస్త చెప్పాలి. నియమాలు రెండే. రెండు పాదాలూ ఒకేసారి నేలని వదిలినట్టు మనిషి కంటికి కనబడకూడదు. ముందుకి వేసిన కాలు నేలని తాకినప్పటినుంచీ శరీరం దానిమీద నిటారుగా వచ్చేదాకా ఆ మోకాలు వంగకూడదు. దారి పొడుగునా న్యాయనిర్ణేతలు పసుపురంగు పలకలు పట్టుకుని కాళ్ళకేసి చూస్తూ నిలబడతారు. ముగ్గురు వేరువేరు న్యాయనిర్ణేతలు ఎర్రకార్డు రాశారంటే సాధారణంగా ఆట అక్కడితో సరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ఇరవై కిలోమీటర్ల నడకలో ఆస్ట్రేలియాకి చెందిన జేన్ సావిల్ అందరికన్నా ముందు ఉండి, తన సొంత ఊరి స్టేడియంలోకి వెళ్ళే దారి మొదట్లోనే ఆ మూడో కార్డు అందుకుంది. లోపల వేలమంది ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది.

మోకాలు వంచకుండా వేగం రావాలంటే నడుము తిరగాలి. అందుకే ఈ నడక చూసి జనం నవ్వుతారు. మగవాళ్ళు నడిచినా నవ్వుతారు, "ఆడనడక" అని. నిజంగా ఆడవాళ్ళే నడిస్తే ఆ నవ్వు ఇంకో రకంగా ఉంటుంది. అడుగు చప్పుడు వినబడకూడదని, అంగలు వెయ్యకూడదని, దుమ్ము లేవకూడదని విని పెరిగిన మనకి ఆ నవ్వు గురించి వివరించక్కరలేదు. హంసనడకలు, గజగమనాలు అంటూ మన కావ్యాలు స్త్రీ నడకని వర్ణించినన్ని సార్లు, ఆమె ఎక్కడికి వెళుతోందో చెప్పలేదు. నాలుగు గంటలపాటు, గంటకి పన్నెండు కిలోమీటర్లకి పైగా వేగంతో, తన కాళ్ళ మీద తప్ప ఎవరి చూపు మీదా దృష్టి లేకుండా నడిచే స్త్రీకి మన అలంకారశాస్త్రంలో పేరు లేదు.

పురుషుల యాభై కిలోమీటర్ల నడక 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొదలైంది. ఒక్క 1976 మాంట్రియల్‌లో మాత్రం దాన్ని తీసేశారు. అప్పుడేం జరిగిందో చూడండి. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య కోప్పడి, అదే ఏడాది స్వీడన్‌లోని మాల్మో నగరంలో ఆ ఒక్క పోటీ కోసమే ఒక ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిపింది. ఆ సమాఖ్య జరిపిన మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అదే. ఒలింపిక్స్‌లో చోటు పోయిన మగవాళ్ళ కోసం ఒక వేదికనే సృష్టించారన్న మాట. (న్యాయంగా ఒక మాట చెప్పాలి: 1980లో నెదర్లాండ్స్‌లోని సిటార్డ్‌లో ఇలాంటిదే స్త్రీల కోసం కూడా జరిగింది. మాస్కో ఒలింపిక్స్‌లో లేని మూడువేల మీటర్ల పరుగు, నాలుగువందల మీటర్ల హర్డిల్స్ కోసం. నడక కోసం కాదు.)

స్త్రీల నడక 1987లో రోమ్ ప్రపంచ పోటీల్లోకి, 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లోకి వచ్చింది. పది కిలోమీటర్లు. 1999లో సెవిల్‌లో అది ఇరవై అయింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు అక్కడే ఆగింది. మగవాళ్ళకి ఇరవై, యాభై రెండూ ఉండేవి. ఆడవాళ్ళకి ఇరవైతో సరి. ఎందుకని? శరీరం తట్టుకోదు అన్న పాత మాట అప్పటికి పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎనిమిదివందల మీటర్లు పరుగెత్తిన స్త్రీలు కుప్పకూలిపోయారని పత్రికలు రాసిన అబద్ధం మీద ఆధారపడి, ఆ పరుగుని 1960 దాకా ఒలింపిక్స్‌లో లేకుండా చేసిన చరిత్ర అందరికీ తెలిసిపోయింది. ఆ రోజు ఫైనల్‌లో పరుగెత్తిన తొమ్మిదిమందీ గమ్యం చేరారు. 1984లో మారథాన్ కూడా వచ్చింది. ఇక శరీరం పేరు చెప్పడానికి వీల్లేదు. అందుకని సంఖ్య పేరు చెప్పారు. "నడిచేవాళ్ళు తగినంతమంది లేరు."

ఈ వాక్యం ఎక్కడో విన్నట్టుందని నాకు అనిపించడానికి ఎక్కువసేపు పట్టలేదు. అది నా ఫుట్‌నోట్.

పోటీ లేదు కాబట్టి ఆ దూరం ఎవరూ సాధన చెయ్యరు. సాధన చేసేవాళ్ళు లేరు కాబట్టి పోటీ పెట్టరు. రికార్డు గుర్తించరు కాబట్టి నడిచినవాళ్ళు నడిచినట్టు లెక్కకి రాదు. ఈ చక్రాన్ని ఎవరో ఒకరు చెయ్యిపెట్టి ఆపాలి. 2016 మేలో రోమ్‌లో ప్రపంచ రేస్ వాకింగ్ జట్ల పోటీలు జరిగినప్పుడు, అమెరికాకి చెందిన ఎరిన్ టేలర్-టాల్కట్ యాభై కిలోమీటర్ల పోటీలో మగవాళ్ళతో కలిసి నడిచింది. ఆ వరుసలో ఆమె ఒక్కతే స్త్రీ. గెలవలేదు, గెలుస్తానని అనుకోనూ లేదు. ఒక ఆడమనిషి ఆ దూరం నడిచిందని కాగితం మీదకి ఎక్కించడం ఆమె పని.

2017 జనవరి నుంచి సమాఖ్య స్త్రీల యాభై కిలోమీటర్లకి ప్రపంచ రికార్డు గుర్తించడం మొదలుపెట్టింది. ఆ నెల 15న పోర్చుగల్‌లోని పోర్టో ద మోష్‌లో ఇనేస్ హెన్రికేస్ 4 గంటల 8 నిమిషాల 26 సెకన్లలో నడిచి మొదటి రికార్డు పెట్టింది. అయినా ఆగస్టులో జరిగే లండన్ పోటీల్లో స్త్రీలకి విడిగా ఈ పోటీ ఉంటుందో లేదో తేలలేదు. క్రీడాకారిణులూ వాళ్ళ తరఫు న్యాయవాదీ ఒత్తిడి తేగా తేగా, ఉంటుందని చెప్పింది పోటీలకి సుమారు మూడు వారాల ముందు! యాభై కిలోమీటర్ల నడకకి నెలల తరబడి తయారవుతారు. మూడు వారాల వ్యవధిలో పిలుపు అందుకుని ఎంతమంది రాగలరు? ఏడుగురు వచ్చారు. ముగ్గురు అమెరికన్లు, ఇద్దరు చైనీయులు, పోర్చుగల్ నుంచి ఒకరు, బ్రెజిల్ నుంచి ఒకరు. ఇంత ఆలస్యంగా పిలిచి, చూడండి ఏడుగురే వచ్చారు అనడం కూడా ఆ తర్వాత జరిగింది.

హెన్రికేస్‌కి అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. నర్సింగ్ చదువుకున్న మనిషి. ఇరవై కిలోమీటర్లలో ఏళ్ళ తరబడి నడిచినా పెద్ద పతకాలేమీ రాలేదు. ఆమెకి సరిపడే దూరం ఆమె జీవితంలోకి రావడానికి అన్నేళ్ళు పట్టింది. ఆ ఉదయం ఆమె చైనాకి చెందిన యిన్ హాంగ్‌ని దాటి 4 గంటల 5 నిమిషాల 56 సెకన్లలో గమ్యం చేరింది. తన రికార్డునే రెండున్నర నిమిషాలు తగ్గించింది. యిన్ హాంగ్ రెండో స్థానం, యాంగ్ షుచింగ్ మూడో స్థానం, అమెరికాకి చెందిన కాథ్లీన్ బర్నెట్ నాలుగో స్థానం. మిగిలిన ముగ్గురి పేర్లు గమ్యం చేరినవాళ్ళ పట్టికలో లేవు. ఆ ముగ్గురిలో ఒకరు ఎరిన్. ఎవరు తలుపు కొట్టారో ఆవిడ లోపలికి వచ్చినరోజు పతకం దాకా వెళ్ళలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆగి ఆలోచించాలనిపించే చోటు ఇది. హెన్రికేస్ ఫోటోలు చాలా ఉన్నాయి, జెండా కప్పుకుని నవ్వుతూ. ఎరిన్ ఆ రోజు ఎలా ఇంటికి వెళ్ళిందో నాకు తెలుసుకోవాలని ఉంది.

అదే రోడ్డు మీద, అదే ఉదయం, ఫ్రాన్స్‌కి చెందిన యొహాన్ దినీజ్ పురుషుల పోటీ గెలిచాడు, 3 గంటల 33 నిమిషాల 12 సెకన్లలో. విజేతలిద్దరికీ బహుమతి సొమ్ము ఒకటే, అరవైవేల డాలర్లు. ప్రపంచ రికార్డు పెట్టినందుకు హెన్రికేస్‌కి అదనంగా ఇంకో లక్ష. నలుగురే చేరిన పోటీకి అంత డబ్బేమిటని గొణిగినవాళ్ళున్నారు. అంతవరకూ ఎనభై అయిదేళ్ళపాటు సున్నామంది స్త్రీలు నడిచిన దూరానికి ఎవరూ గొణగలేదు.

తలుపు తీశాక ఏమైందో రికార్డుల పట్టికే చెబుతుంది. 2018 మేలో టైత్సాంగ్‌లో చైనాకి చెందిన లియాంగ్ రుయ్ 4:04:36. 2019 మార్చి 9న హువాంగ్‌షాన్‌లో ల్యూ హోంగ్ 3:59:15. నాలుగు గంటల గీత దాటిన మొదటి స్త్రీ ఆమె. రియో ఒలింపిక్స్ ఇరవై కిలోమీటర్ల విజేత, తర్వాత ఒక ఆడపిల్లకి తల్లి అయి తిరిగి వచ్చి నడిచిన నడక అది. రెండేళ్ళ రెండు నెలల్లో రికార్డు తొమ్మిది నిమిషాల పైన తగ్గింది. 2018లో బెర్లిన్‌లో యూరోపియన్ పోటీల్లో హెన్రికేస్ మళ్ళీ గెలిచింది. 2019 సెప్టెంబరులో దోహాలో, ఎండ భయానికి రాత్రి పదకొండున్నరకి మొదలుపెట్టినా ఉక్కపోత తగ్గని ఆ రాత్రి, లండన్‌కన్నా చాలా ఎక్కువమంది స్త్రీలు నిలబడ్డారు. లియాంగ్ రుయ్ గెలిచింది. హెన్రికేస్ పూర్తి చెయ్యలేకపోయింది.

దోహాకి ముందే పెద్దలు నిర్ణయం చేసేశారు. టోక్యో ఒలింపిక్స్ తర్వాత యాభై కిలోమీటర్లు ఎవరికీ ఉండవు. స్త్రీలకి, పురుషులకి సమానంగా ముప్ఫై అయిదు పెడతారు. ఇక టోక్యోలో? పురుషులకి యాభై ఉంది. స్త్రీలకి లేదు. ఆ ఒలింపిక్స్ అథ్లెటిక్స్‌లో స్త్రీలకి జోడీ లేని ఏకైక పోటీ అదే. హెన్రికేస్, ఎరిన్, ఆస్ట్రేలియా, స్పెయిన్, లాటిన్ అమెరికా వాకర్లు కొందరు, వాళ్ళతో కలిసి నిలబడ్డ న్యూజీలాండ్ పురుష వాకర్ క్వెంటిన్ ర్యూ లుసాన్‌లోని క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్ళారు. ఈ విషయం విచారించే అధికారం తమకి లేదని 2020 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానం తేల్చింది. న్యాయమా అన్యాయమా అన్న మాట దాకా వెళ్ళనే లేదు. 2021 ఆగస్టు 6న సప్పోరోలో పోలండ్‌కి చెందిన డేవిడ్ తోమాలా చివరి ఒలింపిక్ యాభై కిలోమీటర్లు గెలిచాడు. ఎనభై తొమ్మిదేళ్ళ ఆ పోటీలో ఒలింపిక్స్‌లో ఒక్క స్త్రీ కూడా నడవలేదు. ఇక నడవదు కూడా.

స్త్రీలు పొందినదాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. 2022లో ఆరెగాన్‌లో పెరూకి చెందిన కింబర్లీ గార్సియా ఇరవై, ముప్ఫై అయిదు రెండూ గెలిచింది. 2023లో బుడాపెస్ట్‌లో, 2025లో టోక్యోలో స్పెయిన్ మరియా పెరేజ్ ఆ రెండూ గెలిచింది. మన దేశం నుంచి ప్రియాంకా గోస్వామి 2022 కామన్వెల్త్ క్రీడల్లో పదివేల మీటర్ల నడకలో రజతం తెచ్చింది. వీళ్ళంతా నడుస్తున్న దారి ఆ ఏడుగురు తొక్కిన దారే. కానీ నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. ఇద్దరికీ సమానం చెయ్యాలంటే స్త్రీలకి పెంచవచ్చు, లేదా ఇద్దరికీ కుదించవచ్చు. ఎనభై ఏళ్ళకి పైగా మగవాళ్ళు ఒంటరిగా వాడుకున్న గదిలోకి ఆడవాళ్ళు అడుగుపెట్టిన నాలుగేళ్ళకి, గది పాతబడిందని, ప్రేక్షకులకి ఓపిక లేదని పడగొట్టారు. టెలివిజన్ కారణాలు నిజమే కావచ్చు. మనం వచ్చాకే అవి గుర్తుకు రావడం మాత్రం మనకి కొత్త కాదు. స్త్రీలు పెద్దసంఖ్యలో చేరాక ఏ చదువుల విలువ ఎలా పడిపోయిందో సాహిత్య శాఖల్లో పనిచేస్తున్న మనకి ఎవరూ చెప్పక్కరలేదు.

నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామని ఈమధ్య ఒకరు అడిగారు. ఫైలు తెరిచి మొదట చేసిన పని ఆ ఫుట్‌నోట్ కొట్టెయ్యడం. దాని స్థానంలో అధ్యాయం ఇంకా రాయలేదు. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' బల్ల మీద ఉంది. దాని పక్కన మా అమ్మమ్మ తీర్థయాత్రకి వెళ్ళినప్పుడు మా పెద్దమ్మకి రాసిన మూడు కార్డులున్నాయి. వాటిలో రైలు ఖర్చులు, చలి, ఒక మెట్లదారి ఎక్కుతుంటే మోకాళ్ళు ఎలా పట్టేశాయో రాసింది. ఇవి యాత్రాసాహిత్యం కిందకి వస్తాయా అని ఒక సహోద్యోగి అడిగారు. వస్తాయని చెప్పాను. మీ ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున ఇలాంటి కార్డులు, లెక్కల పుస్తకాలు, సగంలో ఆపేసిన డైరీలు ఉంటే నాకు రాయండి. అధ్యాయానికి సరిపోయినన్ని ఉన్నాయా లేదా అన్న లెక్క ఈసారి నేను ముందే వెయ్యడం లేదు.