తప్పిపోయిన పుష్పము

1857వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో ఒక చిన్న ఆర్కిడ్ మొక్క పూచి తోటల వారినెల్లర నాశ్చర్యపరచెను. దాని యజమాని లివర్‌పూల్ నగరవాసియైన ఫెయిరీ యను నాతడు. ఆ యేడే సుప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ ఆ మొక్కకు యజమాని పేరు కలియునట్లు నామకరణము చేసెను. నేటి శాస్త్రజ్ఞులు దానిని పాఫియోపెడిలం ఫెయిరియేనం అందురు.

మన తూర్పు కనుమలలో మామిడి కొమ్మల నంటి పెరుగు వాండా మొక్కను చూచినవారు ఆర్కిడ్లన్నియు చెట్లపైననే జీవించునని తలంతురు. ఇది యట్టిది కాదు. నేలను, రాతి పగుళ్లను ఆశ్రయించి బ్రతుకును. ఆకులు జానెడు, పువ్వు రెండు మూడంగుళములు. ముందరి రేక చిన్న చెప్పువలె సంచియై యుండును. పై రేక తెల్లని విసనకఱ్ఱపై ఊదాగీతలు దీసినట్లుండును. ఇరుప్రక్కల రేకులు క్రిందికి వాలి, కొనలయందు మరల పైకి వంగి, గేదె కొమ్ములను తలపించును. అంత చిన్న పువ్వులో అంత పొంకము అరుదు.

ఈ మొక్క అస్సాము నుండి దిగుమతియైన సరకుతోపాటు వేలమునకు వచ్చినది. ఏ కొండ, ఏ లోయ, ఎంత యెత్తు అను వివరము లేదు. విలాసము లేని దరఖాస్తు ఎంతటిదో కార్యాలయములలో పనిచేయు మనకు వేరుగ జెప్పనక్కఱలేదు. కొంత అశ్రద్ధ, కొంత వ్యాపారము. పోటీదారులకు చోటు తెలియకుండుట ఆనాటి ఆర్కిడ్ వర్తకులకు లాభము.

చోటు తెలియనిచో పెంపకమును తెలియదు. ఉష్ణదేశపు మొక్కలన్నిటికి ఉక్క యిష్టమని ఆనాడు పెక్కుమంది నమ్మి, బొగ్గుతో వేడెక్కించిన గాజుటిండ్లలో వానిని మూసిపెట్టెడివారు. చాట్స్‌వర్త్ తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ 1830 దశాబ్దమందే గాలి, చల్లదనము ఆవశ్యకములని చూపినను పాత యలవాటు వెంటనే పోలేదు. కొండల మొక్కలు అట్టి యిండ్లలో అసంఖ్యాకముగా నశించినవి. ఫెయిరియేనం మొక్కలును ఏటేట తగ్గి, శతాబ్దాంతమునకు వేళ్లపై లెక్కింపదగినన్ని మిగిలినవి. దానికి “తప్పిపోయిన ఆర్కిడ్” అను పేరు వచ్చినది. సాండర్ అను వర్తకుడు దానిని మరల కనుగొన్నవారికి వేయి పౌనుల బహుమానము ప్రకటించెను.

ఇంగ్లీషువారికి తప్పిపోయినదే గాని, హిమాలయములకు తప్పిపోలేదు! టిబెట్ దండయాత్ర ముగిసిన మరుసటి యేడు, 1905లో, పశ్చిమ భూటానమున సీరైట్ అను నాతడు దానిని కనుగొనెను. సున్నపురాతి కొండచరియలు, నదీతీరపు నిటారు వాలులు, గడ్డి నడుమ రాతిపొడి - ఇవి దాని నివాసములు. సముద్రమట్టమునకు ఇంచుమించు 1,400 మొదలు 2,200 మీటర్ల యెత్తు. వేసవిలో వర్షము, మంచు. శీతకాలమున చలి, పొడి గాలి. ఇది తెలిసినపిదప పెంపకము బోధపడును: కుండీలో సున్నపురాతి ముక్కలు వేయవలెను, నీరు నిలువరాదు, చలికాలమున నీరు తగ్గింపవలెను గాని, పూర్తిగా ఎండనీయరాదు, ఏలయన తక్కిన పెక్కు ఆర్కిడ్లవలె నీరు దాచుకొను దుంపకాండము దీనికి లేదు. మన రోహిణికార్తె వడగాడ్పు దీనికి మృత్యువే.

ఇంకొక రహస్యము విత్తునందున్నది. ఆర్కిడ్ విత్తులు ధూళివంటివి. మొలక కాహారము వానిలో లేదు. నేలలోని ఒక శిలీంధ్రము తోడ్పడిననే అవి మొలకెత్తునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ 1899లో కనుగొనెను. 1922లో అమెరికావాసి లూయిస్ నడ్సన్ శిలీంధ్రము లేకయే, చక్కెర కలిపిన ద్రవ్యముపై సీసాలలో మొలిపించు విధానమును ప్రకటించెను. నేడు ఈ జాతి మొక్కలను తోటలవారు సీసాలలోనే పెంచుచున్నారు. కొండనుండి పెల్లగించు పని కిక కారణము లేదు. అయినను పెల్లగించువారు మానలేదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణవలన ఈ చెప్పుపువ్వులన్నియు రక్షిత వృక్షములలో చేరినవి. ఆ జాతులలో అడవినుండి తెచ్చిన మొక్కల అంతర్జాతీయ వ్యాపారము 1990 నుండియే నిషిద్ధము.

ఆనాడు లాభాపేక్షచే వర్తకులు విలాసము దాచిరి. నేడు అరుదైన ఆర్కిడ్ దొరకినప్పుడు శాస్త్రజ్ఞులే దాని కచ్చితమైన తావును అచ్చులో చెప్పక, జిల్లా పేరు మాత్రము వ్రాసి యూరకొందురు.