లైటరు దారానికి ఊగుతోంది

ఫలక్‌నుమా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ దిగావు. సిగరెట్ మానేసి నెలలైంది. జేబులో అగ్గిపెట్టె లేదు, మనసులో ఆ ఊసూ లేదు. బయటికొచ్చి ఇంజన్‌బౌలి వైపు నడుస్తున్నావు. ఆటోవాళ్లు "చార్మినార్, చార్మినార్" అని అరుస్తున్నారు.

మూల మీద పాన్ డబ్బా. తడిగుడ్డ కింద తమలపాకులు, సున్నం గిన్నె, తోరణాల్లా వక్కపొడి ప్యాకెట్లు. పక్కన దారానికి కట్టిన లైటరు. ఓ కుర్రాడు దాన్ని అందుకుని, తల వంచి, గాలికి చెయ్యి అడ్డుపెట్టి వెలిగించాడు. ఆ మెడ వంపు చాలు. నీ నోట్లో నీళ్లూరాయి. కుడిచేతి రెండు వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి.

"క్యా హోనా భాయ్?"

డబ్బా ముందుకు ఎప్పుడొచ్చి నిలబడ్డావో నీకే తెలీదు.

పొగ లాగిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. సుఖం అంత వెంటనే అందేసరికి, ఆ క్షణంలో కంటి ముందున్నవన్నీ దానితో ముడిపడిపోతాయి. మానేసిన కొత్తలో ఉండే చిరాకు కొన్ని వారాల్లో తగ్గుతుంది. ముడి మాత్రం అంత తొందరగా ఊడదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సింథియా కాంక్లిన్ బృందం పొగతాగేవాళ్లకు బారు, రెస్టారెంటు లాంటి చోట్ల ఫొటోలు చూపించింది. వాటిలో సిగరెట్టే లేదు. అయినా తాగాలనిపించింది.

ఆ లెక్కన హైదరాబాదీ కష్టం ఇంకో మెట్టు పైనే. 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో వాళ్ల చార్మినార్ సిగరెట్ పెట్టె మీద ఆ కట్టడం బొమ్మే ఉండేది. నువ్వు మొదట అలవాటు పడ్డదీ అదే. ఇప్పుడా బొమ్మ లేని చోటేది? హోటల్ గోడ మీద ఉంది, బిస్కెట్ డబ్బా మీద ఉంది, ఆఖరికి తెలంగాణ ప్రభుత్వ ముద్రలోనూ ఉంది. సర్కారు బోర్డు చూసి దమ్ము గుర్తొచ్చే పౌరుడు ఇంకే ఊళ్లో ఉంటాడు?

డబ్బాలో పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ, హెచ్చరిక. నీ కన్ను దాన్ని దాటేసి మిగిలిన బంగారు అంచు దగ్గర ఆగింది. ఆ పెట్టె మీదే మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 నంబరూ ఉంది.

"సోడా," అన్నావు. గొంతు గరగరలాడింది.

గోలీ లోపలికి పడింది. సగం తాగేసరికి గుంజుడు కాస్త సడలింది. ఇలాంటి ఉధృతి సాధారణంగా కొన్ని నిమిషాలే. చిక్కేమిటంటే, ఈ డబ్బా ముందు ఓర్చుకున్నది ఇంకో డబ్బా ముందు పనికొస్తుందన్న నమ్మకం లేదు. మెదడు ఏ చోటుకా చోటే నేర్చుకుంటుంది.

ఫోన్ మోగింది. పాత దోస్తు, శంషీర్‌గంజ్ నుంచి.

"చాయ్ చెప్పిన, జల్దీ రా. బయటనే నిలబడ్డ."

"వస్తున్న భాయ్. లోపల కూసుందాం."